నఫస్ అంటే ఊపిరే పెద్దమ్మా

ఇర్బిద్,
అక్టోబర్ 3

విసాల్ తల్లీ,

నువ్వు క్షేమమేనా అని అడగను. క్షేమంగా లేకపోతే ఈపాటికి మీ అమ్మ ఊరంతా టముకు వేసి ఉండేది. ఫోన్ చెయ్యొచ్చుగా పెద్దమ్మా అంటావు. చేస్తే నాకేం వినపడి చచ్చింది? అటునుంచి నువ్వేదో గొణుగుతావు, ఇటునుంచి నేను "ఆఁ ఆఁ" అంటాను, ఆఖరికి దేనికి ఒప్పుకున్నానో నాకే తెలీదు. ఆ సెల్లులో అక్షరాలు చదివితే ఉన్న కళ్ళు కాస్తా పోతాయి. కాగితమే నయం. కరక్ బస్సు నడిపే అబూ గాలిబ్ చేతికిస్తున్నాను, నూనెలో ఊరేసిన వంకాయల సీసాతో పాటు. సీసా తిరిగి పంపు. పోయినసారి సీసా ఇంకా రాలేదు, నేను మర్చిపోలేదు.

అసలు సంగతి జుమానా గురించి. మీ అక్క, నా కూతురు అబీర్ పోయాక పిల్ల నా ఒళ్ళో పడింది కదా. మొదట్లో బాగానే ఉండేది, మరీ బుద్ధిగా ఉండేది. ఇప్పుడేమో ఏడుపు వచ్చినట్టు మొహం పెడుతుంది గానీ ఏడవదు. నోరు మూసేసి ఊపిరి బిగపడుతుంది. పెదాలు నీలంగా అయిపోతాయి, కళ్ళు తేలేసి పడిపోతుంది. పడ్డాక ఊపిరి దానంతటదే వస్తుంది, భయం లేదు అంటాడు డాక్టరు. గుండె చూశాడు, ఊపిరితిత్తులు చూశాడు, ఏ లోపమూ లేదట, పెద్దయితే పోతుందట. వాడికేం, పడేది వాడి కళ్ళ ముందు కాదుగా. పెన్సిలు విరిగిందని బడిలో ఒకసారి పడింది. ఇలాగైతే మా వల్ల కాదు, ఇంట్లోనే ఉంచుకోండి అని కబురు పెట్టారు.

సుహైల్ సంగతి సరేసరి. మా అల్లుడుగారు జోర్డాన్ ఆ చివర అకబా రేవులో క్రేను ఎక్కి కూర్చుని, గురువారం గురువారం ఫోన్ చేస్తాడు. అబీర్ పోయాక ఇంటి గడప తొక్కలేదు. "ఎప్పుడొస్తావు నాన్నా?" అని పిల్ల అడిగితే "నాకు నఫస్ లేదు తల్లీ" అంటాడు. మనసు రాకపోతే రాకపోయె, ఆరేళ్ళ పిల్లతో అనే మాటేనా అది? పోయిన వారం బడివాళ్ళు అతనికీ చెప్పారట. "అత్తయ్యా, మీ వల్ల కాకపోతే పిల్లని నేను తెచ్చుకుంటాను, ఇక్కడ మా అక్క చూసుకుంటుంది" అన్నాడు. పక్కింటి బుసైనా చేత చెప్పించుకుని విన్నాను.

ఈ పిల్ల కూడా పోతే ఈ ఇంట్లో నేను గోడలతో మాట్లాడుకోవాలి. ఇవ్వను. చచ్చినా ఇవ్వను.

నువ్వు బడిలో పిల్లల్ని పడుకోబెట్టి ఊపిరి తీసుకోవడం నేర్పిస్తావట, మీ అమ్మ చెప్పి పడీ పడీ నవ్వింది. పుట్టగానే అందరికీ వచ్చే విద్యకి నీకు జీతం కూడానా! సరే, నవ్వింది చాలు. ఆ విద్యేదో నాకు రాసి పంపు. ఈ వయసులో నేర్చుకుంటావా అని అడక్కు. మన్సఫ్ వండటం, పెరుగు విరగకుండా మాంసం ఉడకబెట్టడం, మీ అమ్మమ్మ నాకు తిట్లతోనే నేర్పింది. నేర్చుకోలేదూ?

నీ పెద్దమ్మ
రస్మియ్యా


కరక్,
అక్టోబర్ 9

పెద్దమ్మా,

నీ చేతులు ముద్దు పెట్టుకుంటున్నాను. వంకాయలు టీచర్లందరం ఒక్క పూటలో ఊడ్చేశాం. సీసాలు రెండూ కడిగి పెట్టాను. అబూ గాలిబ్ ఎక్కించుకోనంటున్నాడు, దారిలో పగిలితే నువ్వతన్ని బతకనివ్వవట.

జుమానా సంగతి చదివాక పొద్దుటినుంచీ మనసు మనసులో లేదు. నేను చేసేది రాస్తాను. మా అమ్మ నవ్వినా సరే.

ముందు పిల్లల్ని "ఇవాళ మీ లోపల వాతావరణం ఎలా ఉంది?" అని అడుగుతాను. ఒకడు ఎండ అంటాడు. ఒకతె దుమ్ముగాలి అంటుంది, కళ్ళు మూసుకుని మరీ. "కోపం ఒంట్లో ఎక్కడ కూర్చుంది?" అంటే ఒకడు చెవుల్లో అన్నాడు, ఇంకొకడు "మా బాబాయిలో" అన్నాడు. నవ్వకు, వాడి ఇంట్లో అది నిజమే అయ్యుంటుంది. పేరు పెట్టి చెప్పగలిగితే సగం భయం తగ్గుతుంది పెద్దమ్మా. ఏం వచ్చిందో తెలియనప్పుడే పిల్లలు కొడతారు, కొరుకుతారు, మన జుమానాలా నోరు మూసుకుంటారు.

తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద చిన్న శనగల మూట పెడతాను. మూట పైకి లేవాలి, కిందికి దిగాలి. పొయ్యిలో రొట్టె పొంగినట్టు పొట్ట పొంగాలి అని చెబుతాను. కోపాన్ని తరిమెయ్యమని చెప్పను. వచ్చింది, కూర్చుంది, కాసేపుంటుంది, పోతుంది, అప్పటిదాకా మనం ఊపిరిని చూస్తూ కూర్చుందాం అంటాను. అంతే. మా హెడ్ మేడమ్‌కి ఇది లెక్కల పిరియడ్ దొంగతనంలా కనిపిస్తుంది. కానీ ఈ ఏడాది మా తరగతిలో కొట్లాటలు తగ్గాయి, అది ఆవిడా ఒప్పుకుంటుంది.

నువ్వు ఇలా చెయ్యి. రోజూ సాయంత్రం ఒకే చోట, ఒకే వేళకి కూర్చుని ఇద్దరూ కలిసి నఫస్ తీసుకోండి. ముక్కుతో నెమ్మదిగా లోపలికి, వేడి పులుసు చల్లార్చినట్టు నోటితో బయటికి. దానికి చెప్పి నువ్వు ఊరుకోవడం కాదు, నువ్వూ చెయ్యాలి. పడిపోతుందేమోనని అడిగిందల్లా చేతిలో పెట్టకు. అరవకు. పక్కన కూర్చో. ఏడవకు అని మాత్రం ఎప్పుడూ అనకు.

ఎలా ఉందో వెంటనే రాయి.

నీ విసాల్


ఇర్బిద్,
అక్టోబర్ 17

అమ్మాయ్,

నీ విద్య మా ఇంట్లో చెల్లడం లేదు. ఒకే చోట, ఒకే వేళ అన్నావు కదా. సాయంత్రం నేను బాల్కనీలో హుక్కా పెట్టుకుని కూర్చునే వేళ ఉంది చూశావూ, దాన్నే ఖాయం చేశాను. జుమానాని ఎదురుగా కూర్చోబెట్టి, లోపల వాతావరణం ఎలా ఉందే అన్నాను. ఆకాశం వైపు చూసి "మబ్బు పట్టింది, బట్టలు తీసెయ్యి అమ్మమ్మా" అంది. నీ తరగతి పిల్లలు ఏం తింటారో కనుక్కుని రాయి.

ఊపిరి తీసుకోమంటే ఊఁహూఁ. చీమ తాగినంత పీలుస్తుంది, అదీ ఎవరిదో అప్పు తెచ్చుకున్నట్టు. "నువ్వు తీసుకో అమ్మమ్మా, నేను చూస్తా" అంటుంది. చేసేదేముంది, నేనే రొట్టెలా పొంగుతున్నాను. నా పొట్టకేసి చూసి పకపకా నవ్వింది మొన్న. అబీర్ పోయాక పిల్ల నవ్వగా చూడటం అదే. ఆ నవ్వు కోసం ఎంతైనా పొంగుతాను గానీ, తను మాత్రం తీసుకోవడం లేదే! పైగా దానికి "నఫస్ వేళ" అని పేరు పెట్టింది. నేను మర్చిపోతే తనే కుర్చీ లాగి పిలుస్తుంది.

ఒక మంచి మాట: ఈ వారం ఒక్కసారే పడింది. నువ్వు చెప్పినట్టే అరవలేదు, పక్కన కూర్చున్నాను. నా గుండె ఎలా కొట్టుకుందో నువ్వు అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు.

మా వీధి ఉమ్మ్ ఇసామ్ కొడుకు పెళ్ళికి మన్సఫ్ నేనే వండాను. తిన్నవాళ్ళు ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే ఏమిటో నీకు తెలుసు. ఒకప్పుడు రస్మియ్యా వండితే పళ్ళెం అడుగు గీకేవాళ్ళు, ఆమె చేతిలో నఫస్ ఉంది అనేవాళ్ళు. అబీర్‌తో పాటు అదీ వెళ్ళిపోయింది కాబోలు. నేను ఏడవలేదే విసాల్. వచ్చేవాళ్ళకి వండటం, పిల్లని చూసుకోవడం, దీంతోనే సరిపోయింది. పెరుగు చట్టి ముందు నిలబడి కలుపుతూ ఉంటాను, ఎంతసేపు కలిపానో తెలీదు.

ఆలివ్ కాయలు కోతకొచ్చాయి. మీ అమ్మకి చెప్పు, ఈసారి వచ్చి కోసుకుంటేనే నూనె.

పెద్దమ్మ


కరక్,
అక్టోబర్ 21

పెద్దమ్మా!

హుక్కా పక్కన పెట్టుకుని ఊపిరి పాఠమా? చదివి తల పట్టుకున్నాను. మా అమ్మకి చెప్పలేదు, చెబితే నన్ను జీవితాంతం సతాయిస్తుంది. దయచేసి ఆ వేళకి దాన్ని లోపల పెట్టెయ్యి. పిల్లకి పొగ మంచిది కాదు, నీకూ కాదు. ఇంతకాలం తాగాను ఏమైంది అంటావని తెలుసు, అనకు.

చీమ తాగినంత పీలుస్తుందన్న మాట మాత్రం నన్ను వదలడం లేదు. మా తరగతిలో సిగ్గుపడేవాళ్ళున్నారు, విసుక్కునేవాళ్ళున్నారు, పడుకుని గుర్రు పెట్టేవాళ్ళున్నారు. ఊపిరిని పొదుపు చేసే పిల్లని నేను చూడలేదు. "ఎందుకలా చేస్తావు?" అని అడక్కు, ఎందుకు అంటే పిల్లలు తప్పు చేశామనుకుని దాచేస్తారు. "ఊపిరి బిగపట్టినప్పుడు లోపల ఏం జరుగుతుంది?" అని అడుగు. అడిగాక జవాబు వచ్చేదాకా మాట్లాడకుండా ఉండు. నీకు కష్టమే.

వంట గురించి నువ్వు రాసింది మళ్ళీ మళ్ళీ చదివాను. నీ చేతిలోంచి ఏదీ పోలేదు పెద్దమ్మా. నువ్వు అలిసిపోయావు.

విసాల్


ఇర్బిద్,
అక్టోబర్ 25

విసాల్,

నీ మాట విన్నాను, మునిగాను.

మొన్న గురువారం సుహైల్ ఫోన్ చేశాడు. పిల్ల మాట్లాడుతోంది, నేను పచ్చి ఆలివ్‌లు దంచుకుంటున్నాను. ఉన్నట్టుండి పిల్ల మొహం పాలిపోయింది, ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. అతను అరుస్తున్నాడు. నా చెవికి కూడా వినపడిందంటే ఎంత అరిచాడో చూసుకో. కానీ మాటలు అందితేనా! బుసైనాని కేకేశాను. అది విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ముందు నవ్వింది. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

పిల్ల ఏం చెప్పిందో తెలుసా వాళ్ళ నాన్నకి? "నేనూ అమ్మమ్మా రోజూ సాయంత్రం బాల్కనీలో కూర్చుని నఫస్ తీసుకుంటాం నాన్నా. అమ్మమ్మ పెద్దపెద్దవి తీసుకుంటుంది, నేను చిన్నవి. కోపమొస్తే ఇంకోటి తీసుకోవాలట. విసాల్ పిన్ని నేర్పింది, వాళ్ళ బడిలో పిల్లలందరి చేతా తీయిస్తుంది."

ఇంకేం కావాలే? నేను సాయంత్రమైతే హుక్కా ముందు కూర్చునే మనిషినని జోర్డాన్‌లో తెలియనివాడెవడు? "నా పిల్లకి హుక్కా అలవాటు చేస్తారా, ఆ పొగకే నీలంగా అయిపోతోంది అది" అని అతని గోల. వచ్చే శుక్రవారం నమాజు కాగానే బండి తెస్తాడట, బట్టలు సర్ది ఉంచాలట.

నీకు వేరే మాటే దొరకలేదుటే? ఊపిరీ నఫసే. హుక్కా దమ్మూ నఫసే. వంటలో చేతి రుచీ నఫసే. అన్నం సయించకపోయినా, పనికి మనసు రాకపోయినా నఫస్ లేదంటాం. మన పెద్దలు మాటల దగ్గర ఇంత పీనాసులేమిటో! వాళ్ళ సంగతి సరే, చదువుకున్నదానివి నువ్వు, బడి పుస్తకంలో ఉచ్ఛ్వాసమనీ నిశ్వాసమనీ లేవూ? అవి రాసి ఏడవొచ్చుగా!

నీ ఉత్తరం నిన్న అందింది. హుక్కా లోపల పెట్టేశాను. ఇంకేం లాభం. పిల్ల పొద్దుటినుంచీ నా వెనకే తిరుగుతోంది. "నేను తప్పు చెప్పానా అమ్మమ్మా?" అంటుంది. లేదంటే నమ్మదు.

రస్మియ్యా


కరక్,
అక్టోబర్ 28

పెద్దమ్మా,

నన్ను ఎంత తిట్టినా పడతాను. "నఫస్ అంటే ఊపిరే పెద్దమ్మా" అని ఒక్క ముక్క ఆ ఉత్తరంలో రాసి ఉంటే ఇంత జరిగేది కాదు. రాయాల్సి వస్తుందని నాకు తోచలేదు.

బావకి ఫోన్ చేశాను. రెండుసార్లు కట్ చేసి మూడోసారి ఎత్తాడు. "ఏమ్మా టీచరమ్మా, ఒకటో తరగతికి హుక్కా అయితే రెండో తరగతికి సిగరెట్టా?" అన్నాడు. మొత్తం వివరించాను. చివరికి నవ్వాడు. 

హుక్కా కాదని నమ్మాడు. అయినా వస్తానన్నాడు. "పిల్ల అక్కడ నీలంగా మారి పడిపోతుంటే నేను అంత ఎత్తున కూర్చుని పెట్టెలు ఎలా దింపను విసాల్? అబీర్ లేని ఆ ఇంటి మెట్లు ఎక్కాలంటే నాకు కాళ్ళు రావు. ఒక్కసారి ఎక్కి, నా బిడ్డని దింపుకుని తెచ్చుకుంటా" అన్నాడు. నువ్వు ఊహించుకున్నట్టు కోపంతో రావడం లేదు పెద్దమ్మా, భయపడి వస్తున్నాడు. నీలాగే.

నేను రావాలనే అనుకున్నాను. తనిఖీ వారమని సెలవివ్వలేదు. అతను వచ్చినప్పుడు గుమ్మంలోనే యుద్ధం మొదలుపెట్టకు. నా కోసం కాదు, జుమానా కోసం. నేను చెప్పిన ఆ ప్రశ్న అడిగావా? అడగకపోతే అడుగు.

విసాల్


ఇర్బిద్,
నవంబర్ 1

విసాల్ తల్లీ,

కూర్చుని చదువు.

నిన్న సుహైల్ వచ్చాడు. చిక్కి సగమయ్యాడు, గడ్డం మాసిపోయింది, చొక్కా ఎవరిదో తొడుక్కున్నట్టు వేలాడుతోంది. తిట్టడానికి వారం రోజులుగా పోగేసుకున్న మాటలన్నీ ఎటు పోయాయో, తలుపు తీసి "తిన్నావా నాయనా?" అన్నాను. "నఫస్ లేదు అత్తయ్యా" అన్నాడు. జుమానా నా వెనకే నిలబడి ఉంది.

పిల్ల మొహం అప్పుడే బిగుసుకుంది. అతను అదే సమయానికి పిల్ల బట్టలకని తెచ్చిన ఖాళీ సంచీ తియ్యబోయాడు, తీసుకెళ్ళిపోతాడనే భయానికే అనుకున్నాం ఇద్దరం. నోరు మూసేసింది, పెదాలు నీలం. సుహైల్ ఇది కళ్ళారా చూడటం అదే మొదలు. పిల్ల భుజాలు పట్టుకుని ఊపేస్తూ "పీల్చు తల్లీ, పీల్చు!" అని ఒకటే కేకలు. అతని చేతులు విడిపించి, నేలమీద కూలబడి పిల్లని ఒళ్ళోకి తీసుకున్నాను. అరవలేదు. నా ఊపిరి నేను తీసుకుంటూ కూర్చున్నాను, నువ్వు చెప్పినట్టే. పడిపోయింది. కాసేపటికి ఊపిరి వచ్చింది, కళ్ళు తెరిచింది.

నీ ప్రశ్న గుర్తుంది గానీ నోటికి అలా రాలేదు. "ఎక్కడ పెడుతున్నావే తల్లీ ఆ ఊపిరంతా?" అన్నాను. అని నోరు మూసుకున్నాను. ఎంత కష్టమో!

"దాస్తున్నా" అంది. నా ఒళ్ళోనే ఉంది కాబట్టి ప్రతి మాటా వినపడింది.

"ఎవరికి?"

"నాన్నకి. నాన్న దగ్గర లేవుగా. ఎప్పుడు రమ్మన్నా నఫస్ లేదంటాడు. ఇందాక కూడా అన్నాడు."

అబీర్ పోయినప్పుడు పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళు "దేవుడు రాసిన ఊపిరులు అంతే, అయిపోయాయి" అనుకుంటుంటే, వాళ్ళు తాగిన చేదు కాఫీ కప్పులు ఏరుతూ పిల్ల విన్నదట. చావింట్లో మనమందరం అనే మాటే కదే అది. అమ్మవి అయిపోయాయి, ఇప్పుడు నాన్నవి అయిపోతున్నాయి అనుకుంది పిచ్చి తల్లి. తనవి కొన్ని మిగిల్చి ఇద్దామనుకుంది. ఏడిస్తే ఎక్కువ ఖర్చవుతాయట. అందుకని ఏడుపు రాగానే నోరు మూసేది.

సుహైల్ గోడకి జారగిలబడి కూర్చుండిపోయాడు. "అది ఆ నఫస్ కాదే బంగారూ. మనసు బాగాలేదని అర్థం. మీ అమ్మ లేని ఇంటికి రావడానికి మనసు రాలేదు" అన్నాడు.

"అయితే ఊపిరి ఉందా?"

"ఉంది."

నమ్మలేదు. నా ఒళ్ళోంచి పాకి వెళ్ళి అతని ముక్కు కింద చెయ్యి పెట్టింది. అతను ఊపిరి తీసుకున్నాడు, వదిలాడు, మళ్ళీ తీసుకున్నాడు. "మళ్ళీ వచ్చింది!" అంది నాకేసి తిరిగి. తర్వాత నన్నే అడిగింది, "మరి లెక్క అయిపోదా అమ్మమ్మా?" అని.

దానికి అబద్ధం చెప్పలేను కదా. "లెక్క దేవుడి దగ్గరుంది తల్లీ. మనం దాచుకుంటే అందులో ఒక్కటి కూడా కలవదు. ఒకరివి ఇంకొకరికి ఇవ్వడానికీ లేదు. ఉంటే నావన్నీ మీ అమ్మకి ఎప్పుడో ఇచ్చేసి ఉండేదాన్ని కాదూ?" అన్నాను. 

 పిల్ల నన్నే చూసి, నోరు తెరిచి, భోరుమని ఏడ్చింది. అమ్మా అమ్మా అని. వాళ్ళమ్మ పోయిన రోజు ఏడవాల్సిన ఏడుపు విసాల్ అది. బుసైనా మెట్ల మీద పరిగెత్తుకొచ్చింది. సుహైల్ పిల్లని గుండెకి హత్తుకుని తనూ ఏడ్చాడు. నేను పిల్ల వీపు రాస్తూ కూర్చున్నాను. ఏడవకు అనలేదు.

అబూ గాలిబ్ కింద హారన్ కొట్టి చంపుతున్నాడు. మిగతాది తర్వాత రాస్తాను.

పెద్దమ్మ


కరక్,
నవంబర్ 5

నా బంగారు పెద్దమ్మా,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివి, అందరి ముందూ ఏడ్చేశాను. హెడ్ మేడమ్ మంచినీళ్ళు తెచ్చిచ్చి ఎవరు పోయారమ్మా అంది. ఎవరూ పోలేదు మేడమ్, ఒకరు తిరిగొచ్చారు అన్నాను. ఆవిడకేం అర్థమై ఉంటుంది!

నిన్న తరగతిలో పాఠం మొదలుపెట్టలేదు. ఊపిరి అయిపోతుందా అని పిల్లల్నే అడిగాను. ఇన్నాళ్ళూ తీసుకోండి, వదలండి అన్నానే గానీ, అది ఏమిటనుకుంటున్నారో ఒక్కసారీ అడగలేదు. ఒకమ్మాయి రాత్రి నిద్రలో నింపుకుంటాం అంది. ఒకడేమో "అయిపోతే పాట పాడుకుంటూ గ్యాస్ బండి వస్తుంది, ఖాళీది ఇచ్చి నిండుది తీసుకోవాలి" అన్నాడు. నీకు చెప్పాలని అప్పుడే కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

మొత్తానికి బావ మనసు మారింది, జుమానా నీ దగ్గరే ఉంటుంది. నాకదే చాలు. ఇక నీకు దిగులు లేదు. సెలవులకి వస్తాను, ముగ్గురం బాల్కనీలో కూర్చుందాం. పిల్లకి నా ముద్దులు.

విసాల్


ఇర్బిద్,
నవంబర్ 14

విసాల్,

నా దగ్గరే ఉంటుందని ఎవరు చెప్పారే నీకు? నేనేమైనా రాశానా? సగం ఉత్తరం చదివి పండగ చేసుకోవడం మీ అమ్మ బుద్ధే.

అయితే నువ్వనుకున్నదీ జరిగింది. ఆ పొద్దున ఉత్తరం అబూ గాలిబ్‌కి ఇచ్చి పైకి రాగానే సుహైల్ నా ముందు నిలబడి "అత్తయ్యా, పిల్లని మీ దగ్గరే ఉంచండి, నేనే వచ్చిపోతుంటాను. నాకు బుద్ధొచ్చింది" అన్నాడు. గెలిచాను అనుకున్నాను. నిజం చెబుతున్నాను, గుండె లోపల డోలు కొట్టినట్టయింది.

ఆ తర్వాత టిఫిను దగ్గర పిల్లని చూశాను. రొట్టె ముక్క చేతిలో అలాగే ఉంది, కళ్ళు వాళ్ళ నాన్న ఛాతీ మీదున్నాయి. అది పైకి లేస్తోందా, దిగుతోందా అని. అతను చేతులు కడుక్కోవడానికి లేస్తే తనూ లేచింది. ఇన్ని నెలలూ పిల్ల దేనికోసం ఊపిరి బిగపట్టిందో నాకు తెలిసిపోయాక, దాన్ని ఇక్కడ కట్టేసుకుని, అతన్ని అంత దూరం ఎలా పంపనే? నా ఇంట్లో గోడలతో మాట్లాడుకోవాల్సి వస్తుందని? పిల్ల బట్టలు నేనే సర్దాను. అతను వద్దంటున్నా సర్దాను. "నీకు చేతకాకపోతే అప్పుడు చూద్దాం, ముందు తీసుకెళ్ళు" అని కసిరాను కూడా.

కోటు బొత్తాలు పెడుతుంటే నాకు చేతకాలేదు. నువ్వంటావే, ఒంట్లో ఎక్కడ కూర్చుంది అని. నాకు చేతుల్లో కూర్చుంది. పిల్ల తనే పెట్టుకుని, నా వేళ్ళు పట్టుకుని, "ఏమొచ్చింది అమ్మమ్మా?" అంది. "దిగులు" అన్నాను. దాని పేరు నా నోటితో అనడం అదే మొదలు. "కాసేపుంటుంది" అంది, పెద్ద ఆరిందాలా. బండి మలుపు తిరిగాక వంటింట్లోకి వెళ్ళి అబీర్ కోసం ఏడ్చాను. ఎవరూ రాలేదు, ఎవరూ వద్దనలేదు. ఏడ్చి లేచి మొహం కడుక్కున్నాను.

అకబాలో బడిలో వేశారు. ఇంతవరకూ ఒక్కసారీ పడలేదట. ఏడుస్తోందట, రోజూ ఏదో ఒకదానికి. వాళ్ళ మేనత్త విసుక్కుంటే సుహైల్ అన్నాడట, ఏడవనీ అక్కా, ఎంత కావాలంటే అంత ఏడవనీ అని.

నిన్న గురువారం. ఫోన్ మోగింది, ఈసారి చేసింది పిల్ల. బుసైనా నా చెవిలో అరిచి చెబుతుంటే విన్నాను. "నాన్న బాగానే ఊపిరి తీసుకుంటున్నాడు అమ్మమ్మా, నేను పక్కనే ఉండి చూస్తున్నా. మరి నీది ఎవరు చూస్తున్నారు?" అంది. బుసైనా ఆ మాట చెప్పి, నావైపు చూడలేక కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

"నేనే చూసుకుంటున్నా తల్లీ, రోజూ సాయంత్రం కూర్చుని" అన్నాను.

పిల్లకి అబద్ధం చెప్పినదాన్ని కాకూడదని, ఫోన్ పెట్టేసి, వెళ్ళి బాల్కనీలో కూర్చున్నాను.

నీ పెద్దమ్మ
రస్మియ్యా